లైన్ క్లియర్

మౌలాలికి ఒక చిక్కు వచ్చి పడింది. పైకి చూస్తే నవ్వొచ్చే చిక్కే. కూతురికి ఆటలాడే కంప్యూటర్ కావాలి. అంగట్లో తయారుగా ఉన్నది కొనాలా, విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకోవాలా? ఈ మాత్రం దానికి వేసవి మొదలైనప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. ఎండలు పోయి వానలు పడుతున్నా తేల్చుకోలేకపోయాడు. కనిపించినవాళ్లందరినీ అడిగాడు. కొనమన్నవాళ్ల మాటలు తలకెక్కించుకున్నాడు. చేసుకోమన్నవాళ్ల మాటలు చెవిన పెట్టలేదు. అయినా కొననూ లేదు.

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు కాగానే తన గురువు ఫకీరప్ప స్వామి దగ్గరికి బస్సెక్కాడు.

ఫకీరప్ప స్వామి దూదేకుల మనిషి. ఊరి చివర రేకుల కొట్టంలో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇస్తాడు. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చాలామందే ఉన్నారు. నువ్వు ఏ మతం వాడివని ఆయన ఎవరినీ అడగడు. కానీ కొట్టంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రశ్నతో వచ్చినవాడు ముందు కూర్చుని పాత దూదిలో గడ్డలు విప్పాలి. స్వామి దూది ఏకే విల్లు ఆగేదాకా నోరు మెదపకూడదు. సగంమంది ఆ విల్లు ఆగేసరికి తాము అడగవచ్చింది మరిచిపోయి, ఇంకేదో మాట్లాడి వెళ్లిపోతారు. ఈ కట్టుబాటు స్వామి జ్ఞానంతో పెట్టిందో, పని సాగడానికి పెట్టిందో ఇంతవరకు ఎవరికీ తెలియదు.

మౌలాలి కొట్టంలోకి అడుగుపెడుతూనే గోడ వైపు చూశాడు. అక్కడ సాకెట్టు కాలిపోయి ఉంది. పెట్టె మూత తీసేశారు. లోపలి నుంచి రెండు వైర్లు కొనలు తేలి బయటికి వేలాడుతున్నాయి. అతను మామూలుగా కూర్చునే చోటు ఆ గోడ పక్కనే. ఇవాళ మాత్రం దూది కుప్పను చుట్టి వెళ్లి అవతలి పక్కన కూర్చున్నాడు. గడ్డలు విప్పుతున్నంతసేపూ ఒక కన్ను ఆ వైర్ల మీదే ఉంచాడు.

విల్లు ఆగింది. స్వామి ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి, కుడి భుజం పట్టుకుని నొక్కుకున్నాడు.

"ఏమప్పా మౌలాలీ?"

"స్వామీ, కంప్యూటరు కొనల్లా, చేసుకోవల్లా?"

స్వామికి కంప్యూటర్ అంటే బ్యాంకు గుమాస్తా ముందర చూసిందే.

"దాన్ని కొనకుండా చేసుకుంటారా?"

"చేసుకుంటారు స్వామీ. లోపలుండేవన్నీ విడివిడిగా దొరుకుతాయి. మదర్‌బోర్డని ఒక పలక. దాని మీద కూర్చునే ప్రాసెసరు, దానికి అదే మెదడు. ఆటలో బొమ్మలు ఆగకుండా కదిలేదానికి గ్రాఫిక్స్ కార్డు. అన్నిటికీ కరెంటిచ్చే డబ్బా ఒకటి. తెచ్చి పెట్టెలో బిగించుకుంటే మనకేం కావల్లో అదే పెట్టుకోవచ్చు. అంగట్లోదయితే వాళ్లు పెట్టిందే. పైన రంగురంగుల లైట్లుంటాయి, లోపల యాడో ఒకచోట తక్కువ రకం తోసింటారు."

"అట్లయితే చేసుకునేదే మేలు కదప్పా."

మౌలాలి గబగబా అందుకున్నాడు.

"కాదు స్వామీ. ఆ పలక మీద ఎంట్రుకలంత సన్నని పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా అంతే. మన ఒంట్లో పుట్టే కరెంటు చాలు, కొన్ని చిప్పులు చచ్చిపోతాయంట. ఆ కరెంటు డబ్బా ఉందే, దాన్ని ఆపినాక కూడా లోపల కొంచేపు కరెంటు నిలబడే ఉంటుందంట. ఆపినా నమ్మేదానికి లేదు స్వామీ. అంగట్లోదయితే గ్యారంటీ ఇస్తారు. ఏమన్నా అయితే పూచీ వాళ్లది. మనది కాదు."

ఆ చివరి మాట అంటూ అతను మళ్లీ వైర్ల వైపు చూశాడు. స్వామి గమనించాడో లేదో, కింద పడ్డ దూది పింజ ఒకటి తీసి కుప్పలో వేశాడు.

"కొనేదానికి ఇన్ని చెప్తాండావు. కొనుక్కోపో. నన్ను అడిగేది ఏమిటికి?"

"బిడ్డ ఒప్పుకోల్యా స్వామీ."

బిడ్డ పేరు నసీమ. ఇంటర్ చదువుతోంది. మేనమామ వాడి పారేసిన పాత కంప్యూటర్ మీద ఆడుతుంది. ఏవేవో ఊళ్ల పిల్లలతో కలిసి ఒక జట్టు కట్టింది. ఆట రసపట్టులో ఉన్నప్పుడు ఆ పాత కంప్యూటర్ బిగుసుకుపోతుంది. నసీమ ఉన్న జట్టు ఓడిపోతుంది. దసరా సెలవుల్లో పోటీ ఉందట, ఈలోగా మంచి కంప్యూటర్ రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని జట్టువాళ్లు మెత్తగా చెప్పేశారు. ఆ పిల్ల కూర్చుని ఏ భాగం దేనికి సరిపోతుందో అంతా నేర్చుకుంది. ఒకరోజు అన్నం దగ్గర తండ్రితో, "మనమిద్దరమే బిగిద్దాం నాన్నా. పదకొండు వేల ఓల్టుల లైను ఎక్కేటోడివి, నీకిదొక లెక్కా?" అంది.

మౌలాలి నవ్వాడు. నవ్వి, చేయి కడుక్కోవడానికని లేచి, పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు.

నసీమ ఫోన్‌లో ఒక ఫోటో ఉంది. గాలివాన వెలిసిన మరునాడు స్తంభం కొన మీద నడుముకు తాడు కట్టుకుని నిలబడ్డ మౌలాలిది. జట్టులోని పిల్లలందరికీ పంపింది. మా నాన్న అని కింద రాసుకుంది. ఆ ఫోటోలోని మనిషి పోయిన వానాకాలం నుంచి స్తంభం ఎక్కలేదని ఆమెకు తెలియదు. మోకాలి నొప్పి అని ఇంట్లో చెప్పాడు. ఆఫీసులోనూ అదే చెప్పి స్టోర్ గదిలో పని వేయించుకున్నాడు. భార్య కుళ్ళాయమ్మ మోకాలికి నూనె కాచి రాస్తుంటే నిజంగానే నొప్పి ఉన్నట్టు మూలుగుతాడు.

కుళ్ళాయమ్మ ఒకటి గమనించింది. అతను ఇంట్లో లైటు స్విచ్చు కూడా చేతి వెనకవైపుతో అలా తాకించి చేయి లాగేసుకుంటాడు. లైన్‌మెన్లు అనుమానమున్న వైరును ఎప్పుడన్నా ముట్టి చూడాల్సి వస్తే అలాగే ముడతారు. కరెంటు తగిలితే చెయ్యి ముడుచుకుపోతుంది. అరచేత్తో ముట్టినవాడు ఆ ముడుచుకోవడంలో తీగను పట్టేసుకుంటాడు, ఇక వదలలేడు. ఉద్యోగంలో పడ్డ అలవాటు కాబోలు అనుకుని ఆమె ఊరుకుంది.

"బిడ్డ సంగతి నిదానంగా చూద్దాంలే" అన్నాడు స్వామి. "నా భుజం పోయింది. విల్లు లాగలేకపోతాండా. శిష్యుడొకడు మిషన్ కొనిచ్చినాడు గదా, దాంతో ఏకుదామంటే సాకెట్టు కాలిపాయ. కొత్తది తెప్పించి పెట్టినా. కరెంటోడివి, సమయానికి వచ్చినావు. బిగించిపో."

మౌలాలి జేబులు తడుముకున్నాడు.

"టెస్టరు తేలేదు స్వామీ. రేపొస్తా."

స్వామి గూట్లో చెయ్యి పెట్టి టెస్టరు తీసిచ్చాడు. స్క్రూడ్రైవరు కూడా తీసిచ్చాడు.

ఇక తప్పలేదు. మౌలాలి వాకిట్లోకి వెళ్లి మెయిన్ ఆపాడు. ఫ్యూజు ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. అది వాళ్ల పద్ధతి. ఫ్యూజు నీ జేబులో ఉంటే నీకు తెలియకుండా ఇంకెవరూ కరెంటు పెట్టలేరు. లోపలికి వచ్చి వైర్ల ముందు కూర్చున్నాడు. టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు.

టెస్టరే పాడైందేమో అనిపించింది. లేచి వెళ్లి మెయిన్ చూసి వచ్చాడు. ఆపే ఉంది. వైర్ల ముందు కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. చెయ్యి వైరు దాకా పోయి అక్కడ ఆగింది. అది తన చెయ్యి కానట్టు, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. మళ్లీ లేచి వెళ్లి చూసి వచ్చాడు. ఫ్యూజు జేబులోనే ఉంది, అయినా వెళ్లాడు. ఇంత మనిషిని ఇలా అయిపోయానే అని సిగ్గు వేసింది. సిగ్గు కంటే భయమే ఎక్కువ వేసింది.

స్వామి పరుపు గుడ్డ మడత పెడుతూ అన్నాడు.

"ఆపినావా?"

"ఆపినా స్వామీ."

"ఫ్యూజు?"

మౌలాలి జేబు తట్టుకున్నాడు. "ఉండాది."

"మరి ముట్టవేమిటికి?"

మౌలాలి టెస్టరు కింద పెట్టేశాడు. ఇంట్లో చెప్పనిది, ఆఫీసులో చెప్పనిది, ఇక్కడ తన్నుకుంటూ వచ్చింది.

"పోయిన వానాకాలం, నా జతలో పని చేసే ఓబుళేసు స్తంభం పైనుండాడు స్వామీ. నేను కిందుండా. వాన. చుట్టూ పల్లెల్లో కరెంటు లేక జనం ఫోన్ల మీద ఫోన్లు. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ వాళ్లు ఆ లైను ఆపి, క్లియర్ అని మాట ఇయ్యల్ల. ఆ మాట తీసుకునేది నేను. ఫోన్ చేసి అడిగినా. ఇచ్చినామన్నారు. వాళ్లు ఆపింది పక్క లైను. నాకేం తెలుసు? పైకి చూసి అరిచినా. ఓబుళేసూ, క్లియర్, ముట్టుకో అని."

కొట్టం పైన రేకుల మీద కాకి ఒకటి నడిచిన చప్పుడైంది.

"ముట్టుకున్నాడు స్వామీ. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేసినారు."

"తప్పెవరిదన్నారు?"

"ఆ పొద్దు సబ్‌స్టేషన్‌లో ఉన్నోనిది అన్నారు. నా మీదికి ఏం రాల్యా. అందరూ నీదేం లేదనే అన్నారు. కానీ స్వామీ... ఓబుళేసు సబ్‌స్టేషన్ మాట ఇన్లేదు. నా మాట ఇన్నాడు. నన్ను చూసి తలాడించి చెయ్యి పెట్టినాడు. ఇప్పుడు ఏదన్నా ఆపినానని నాకు నేనే చెప్పుకున్నా నమ్మబుద్ధి కాదు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఆ పెట్టెలో ఎట్ల చెయ్యి పెట్టమంటారు? అది ముట్టుకోవచ్చా నాన్నా అంటే నేనేం చెప్పల్ల?"

"ఓబుళేసు ఏమంటాడు?"

"నేను పోలేదు స్వామీ. ఏ మొగం పెట్టుకొని పోవల్ల?"

స్వామి మడత పెట్టిన గుడ్డను పక్కన పెట్టి, లేచి గోడ దగ్గరికి వచ్చాడు. చెప్పులు వేసుకోలేదు. కింద మట్టి నేల చెమ్మగా ఉంది. మౌలాలి కన్ను ముందు ఆ ఉత్త కాళ్ల మీదే పడింది.

"మౌలాలీ, నన్ను చూసి చెప్పు. ఇందులో కరెంటు ఉందా, లేదా?"

మౌలాలి వాకిలి వైపు చూశాడు. పరుగులాంటి నడకతో వెళ్లి మళ్లీ చూసి వచ్చాడు. జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజును పిడికిట్లో బిగించాడు.

"లేదు స్వామీ" అన్నాడు. తన గొంతు తనకే వినపడలేదు.

"ఏమంటివి?"

"లేదు."

ఆ మాట పూర్తిగా నోరు దాటిందో లేదో, స్వామి రెండు చేతులతో రెండు వైర్లూ పట్టేసుకున్నాడు. అరచేతులతో, గట్టిగా.

మౌలాలి కేక పెట్టాడు. అది మనిషి కేకలా లేదు. తాను ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఎండు కొయ్య కోసం చెయ్యి చాచి, మూలనున్న విల్లు లాక్కుని, స్వామి చేతుల మీద కొట్టి విడిపించడానికి ఎత్తాడు. "వదులు స్వామీ! వదులు!"

స్వామి వదల్లేదు. ఆయనకేం కాలేదు. తెల్ల గడ్డం మీద దూది నూగు అలాగే ఉంది. కళ్లు మౌలాలి మీదే ఉన్నాయి.

ఎత్తిన విల్లు నెమ్మదిగా దిగింది. మౌలాలి దూది కుప్ప మీద కూలబడ్డాడు. అప్పుడు చూశాడు. స్వామి చేతులు వణుకుతున్నాయి. వేళ్ల నుంచి మోచేతుల దాకా వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది.

"భయం కాలేదా స్వామీ మీకు?"

"అయింది."

"మరి ఎట్ల పట్టుకున్నారు?"

స్వామి వైర్లు వదిలి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"చెప్పింది నువ్వు కదప్పా."

మౌలాలి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆస్పత్రి వరండాలో రాని ఏడుపు, ఏడాదిగా మోకాలి నొప్పి కింద దాచుకున్న ఏడుపు, అప్పుడు వచ్చింది. స్వామి ఓదార్చలేదు. వెళ్లి పరుపు గుడ్డ కుట్టుకుంటూ కూర్చున్నాడు.

ఏడుపు అయ్యాక మౌలాలి సాకెట్టు బిగించాడు. ఒక స్క్రూ జారి దూది కుప్పలో పడింది. దాని కోసం గురుశిష్యులిద్దరూ నానా తంటాలు పడ్డారు. కుప్పలో సగం కొట్టమంతా పరుచుకున్నాక దొరికింది. ఫ్యూజు పెట్టి మెయిన్ వేశాక మిషన్ గుర్రుమంది. దూది ఇంకొంచెం ఎగిరింది.

వెళ్లబోతూ వాకిలి దగ్గర ఆగాడు మౌలాలి.

"అయితే స్వామీ, కొనల్లా, చేసుకోవల్లా?"

"కంప్యూటరు సంగతి నాకేం తెలుసప్పా?" అన్నాడు స్వామి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు.

మౌలాలి నేరుగా ఇంటికి పోలేదు. బస్సు దిగాక ఓబుళేసు ఉండే వీధి వైపు మళ్లాడు. చీకటి పడే వేళకు ఇంటికి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో కుళ్ళాయమ్మకు కూడా చెప్పలేదు. అన్నం మాత్రం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. మోకాలికి నూనె రాస్తానంటే వద్దన్నాడు.

విడిభాగాల పెట్టెలు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున్నే ముందు గదిలో దుప్పటి పరిచి తండ్రీ కూతుళ్లు కూర్చున్నారు. ప్రాసెసరును పలక మీద కూర్చోబెట్టి పక్కనున్న చిన్న కమ్మీని నొక్కితే కరకరమని విరిగినట్టు చప్పుడైంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "అది అట్లనే అంటుందంట నాన్నా" అంది నసీమ, తనకే నమ్మకం లేని గొంతుతో. గ్రాఫిక్స్ కార్డు బిగించారు. వైర్లు కలిపారు. అన్నీ అయ్యాక మౌలాలి ప్లగ్గు పెట్టి, చేతి వెనకవైపుతో స్విచ్చు తాకించాడు.

లోపల పలక మీద చిన్న దీపం వెలిగింది. నసీమ మీట నొక్కింది. ఫ్యాను ఒక్కసారి తిరగబోయి ఆగిపోయింది.

నసీమ వంగి ఒక్కో వైరూ చూసింది. "అదో, ఆ మూలది సరిగ్గా కూర్చోల్యా."

మౌలాలి స్విచ్చు ఆపి, ప్లగ్గు పెరికాడు. పెట్టె వెనక నుంచి కరెంటు తాడంతా లాగి రెండు కొనలూ తన చేతిలోకి తీసుకున్నాడు. లోపల మిగిలిన కరెంటు పోయేలా పెట్టె మీద మీటను నొక్కి పట్టాడు. పలక మీద దీపం సన్నబడి, ఇంకా సన్నబడి, ఆరిపోయింది. ఆరాక కూడా ఆగాడు. అప్పుడు చెయ్యి లోపలికి పెట్టబోయాడు. గ్రాఫిక్స్ కార్డుకూ ఇనప అంచుకూ మధ్య సందు ఇరుకు. స్తంభాలెక్కి మొద్దుబారిన ఆ వేళ్లు పట్టలేదు.

"నాది పడుతుంది నాన్నా" అని నసీమ చెయ్యి చాపింది.

"ఆగు!"

ఆ అరుపుకు కుళ్ళాయమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. నసీమ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. మౌలాలి లేచి గోడ దగ్గరికి వెళ్లి ఖాళీ సాకెట్టును చూశాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. తాడు రెండు కొనలూ పిడికిట్లో ఉన్నాయి. పిడికిలి విప్పి చూసుకుని మళ్లీ మూశాడు.

"నాన్నా, నీ చేతులు వణుకుతాండాయి."

"ఔను."

"భయమవుతాందా?"

"అవుతాంది."

ఆ ఇంట్లో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. కుళ్ళాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప మీదే నిలబడిపోయింది. నసీమ తండ్రి మొహంలోకి చూసింది. స్తంభం మీది ఫోటోలో ఆ మొహం ఇంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదు.

"ముట్టుకోవచ్చా?"

మౌలాలికి వాన చప్పుడు వినిపించింది. బయట ఎండ కాస్తోంది. తలెత్తి బిడ్డ కళ్లలోకి చూశాడు.

"క్లియర్" అన్నాడు. "ముట్టుకో."

నసీమ ఇంకేమీ అడగలేదు. చెయ్యి లోపల పెట్టింది.